రోజుకి రెండు లీటర్లు

మంగళవారం పొద్దున్న ఎనిమిది గంటలకి లోర్నా ఫియరన్ పరీక్ష తొట్టి పక్కనున్న గాజు గొట్టం ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీటిమట్టం చదివింది. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుకి తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది.

“ఎంత?” వెనకనుంచి అడిగాడు క్విలియం.

“రెండు లీటర్లు తక్కువండీ.”

“నిన్న ఎనిమిదింటి నుంచి ఇవాళ ఎనిమిదింటికి?”

“అవును.”

ఎడ్గర్ క్విలియం దగ్గర మూడు కలాలుంటాయి. నల్లది మామూలు రాతకి, నీలంది సంతకానికి. ఇప్పుడు జేబులోంచి తీసింది ఎర్రది. సముద్రం ఒడ్డున ఉన్న అణు కర్మాగారం తరఫున కొత్త పంపుల్ని పరీక్షించడానికి వచ్చిన అధికారి ఆయన. ఆయన మాటల్లో అవునూ కాదూ తప్ప మూడోది దొరకడం కష్టమని రెండు రోజుల్లోనే కార్ఖానా మొత్తానికీ అర్థమైంది.

“మిస్ ఫియరన్, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నేను వెళ్ళిపోతాను. సోమవారం మా కొనుగోలు సంఘం కూర్చుంటుంది. ఈ పంపు డెబ్బై రెండు గంటలపాటు ఒక్క చుక్క పోకుండా నడిచిందని నా సంతకం ఉంటే మీ పంపు. లేకపోతే పాత రకం ఇరుసు పంపు.”

లోర్నా మనసులోనే లెక్క వేసుకుంది. శుక్రవారం నాలుగు నుంచి డెబ్బై రెండు గంటలు వెనక్కి లెక్కేస్తే ఇవాళ సాయంత్రం నాలుగు. ఈలోగా ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో కనిపెట్టి, ఆపి, పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాలి.

చేతిలో ఎనిమిది గంటలున్నాయి.

క్లీటర్ మూర్ అనే ఊళ్ళోని మాసప్ పంపుల కార్ఖానాలో ఆ పంపు మీద మూడేళ్ళుగా పని చేస్తోంది లోర్నా. అందులో తిరిగే భాగం ఒక్కటీ లేదు. ఇరుసు లేదు, రెక్క లేదు, కవాటం లేదు. ఒక కుండలోకి ద్రవం నిండుతుంది, దాని మీద గాలి ఒత్తిడి పెడితే సన్నటి ముక్కులోంచి చిమ్ముతూ బయటికొస్తుంది, వేలెడంత ఖాళీని దాటి ఎదురుగా ఉన్న గరాటులో దూరి పైపులోకి ఎక్కిపోతుంది. గాలి వదిలేస్తే అదే ఖాళీలోంచి కుండ మళ్ళీ నిండుతుంది. నలభై సెకన్లకోసారి హుష్షుమని ఒక చప్పుడు, గుటుక్కుమని ఇంకో చప్పుడు. పెద్ద మిస్త్రీ జాంటీ రెల్ఫ్ దానికి ‘ఉమ్ము పంపు’ అని పేరు పెట్టాడు. లోర్నా ఎంత మొత్తుకున్నా ఆ పేరే నిలిచిపోయింది.

ఇరుసు పంపైతే ఇరుసు బయటికొచ్చే చోట కారకుండా ఆపే బిగింపు ఉండాలి. బిగింపు అరుగుతుంది, అరిగితే కారుతుంది. మామూలు నీళ్ళైతే గుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు. రేడియోధార్మిక ద్రవాన్ని అలా తుడవలేరు. అణు కర్మాగారం పాత భవనంలో ఒక్క బిగింపు మార్చాలంటే పద్నాలుగు మంది వరసలో నిలబడతారు. ఒక్కొక్కడూ తల నుంచి కాళ్ళ దాకా తొడుగు వేసుకుని లోపలికి పరిగెత్తి, నాలుగు నిమిషాలు పని చేసి బయటికి రావాలి. అంతకంటే ఎక్కువ సేపుంటే ఒంటికి మంచిది కాదు. ఒకడు బోల్టు వదులు చేస్తే, ఇంకొకడు తీస్తాడు.

ఆ వరసలో తొమ్మిదోవాడు లోర్నా తమ్ముడు టెర్రీ.

కొత్త భవనానికి కూడా ఇరుసు పంపే కొంటే, అక్కడా ఒక వరస తయారవుతుంది. అందులోనూ టెర్రీ ఉంటాడు.

*

తలుపు దభీమని తెరుచుకుంది. కార్ఖానా యజమాని విల్ఫ్ మాసప్ లోపలికొచ్చాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గని సైరన్ లాంటిది.

“మళ్ళీనా?”

“మళ్ళీనేనండీ, మాసప్ గారూ.”

“రోజుకి రెండు లీటర్లు! పోయిన వారం ఐదు రోజులూ పోయాయి. శని ఆదివారాలు పంపు ఆపేశాం, చుక్క పోలేదు. నిన్న మళ్ళీ నడిపాం, మళ్ళీ పోయాయి. దీనర్థం ఏంటి పిల్లా?”

అర్థం ఏంటో లోర్నాకి తెలుసు. అదే ఆమెకి నిద్ర పట్టనివ్వడం లేదు. పంపు నడిచినప్పుడే నీళ్ళు పోతున్నాయంటే, గాలి వదిలే గొట్టంలోంచి సన్నటి తుంపరగా బయటికి కొట్టుకుపోతూ ఉండాలి. అదే నిజమైతే రేపు విషపు ద్రవం కూడా అలాగే గాలిలో కలుస్తుంది. అది మిస్త్రీల తప్పు కాదు, ఆమె గీసిన బొమ్మలోనే ఉన్న తప్పు. మూడేళ్ళ పనీ చెత్తబుట్టలోకి పోతుంది.

“వెల్డింగుల్లో ఎక్కడైనా కారుతుండొచ్చండీ,” అంది. ఆ మాట తన చెవికే నీరసంగా వినిపించింది.

“అరవై మీటర్ల పైపు! దాని చుట్టూ చుట్టిన పట్టీలన్నీ విప్పాలంటే నాలుగు రోజులు. నీకున్నది ఒక్క పూట.” విల్ఫ్ క్విలియం వైపు చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా యార్డు దాకా వినిపించింది. “పంపు పోతే పోయింది, రైతుల పేడనీళ్ళ పంపులకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. సోమవారం నుంచి నువ్వు వాటి మీద కూర్చో.”

అని ఆఫీసులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మూలనున్న బల్ల వెనకనుంచి జాంటీ రెల్ఫ్ లేచాడు. అరవై ఏళ్ళ మనిషి, టోపీ లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు.

“వాడి మాటలకేం గానీ,” అన్నాడు. “హెదర్‌ని తెచ్చేదా?”

“తీసుకురా.”

“హెదర్ ఎవరు?” అడిగాడు క్విలియం.

“నిన్న సాయంత్రం చెప్పాం కదండీ. జాంటీ కుక్క.”

*

ఆ చుట్టుపక్కల వేసవొచ్చిందంటే కొండల మీద కుక్కల పందేలే. సోంపు నూనెలో ముంచిన గుడ్డని ఇద్దరు మనుషులు పది మైళ్ళ దారిలో నేల మీద ఈడ్చుకుంటూ పోతారు. ఆ వాసన పట్టుకుని కుక్కలు గోడలూ వాగులూ దూకుతూ పరిగెడతాయి. పందెం ముగిసే గీత దగ్గర యజమానులు గిన్నెలు పట్టుకుని, ఈలలేస్తూ, గొంతులు చించుకుంటారు. జాంటీకి హెదర్ ఉంది. విల్ఫ్ మాసప్‌కి డ్యూక్‌తో కలిపి నాలుగున్నాయి. వాళ్ళిద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పదకొండేళ్ళుగా ఒకరి కుక్క ఏం తింటుందో ఇంకొకరికి తెలియదు. కుక్కల్ని మేపేవాడు తన ఆస్తిపాస్తుల గురించి చెప్తాడేమో గానీ, పందెం వారంలో గిన్నెలో ఏం కలుపుతాడో కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పడు. వచ్చే శనివారం ఎనర్డేల్ కొండల మీద ఆ ఏటికల్లా పెద్ద పందెం.

నిన్న సాయంత్రం ఆ ఆలోచన చెప్పింది జాంటీయే. “పైపు లోపలి నీళ్ళలో ఒక సీసా సోంపు నూనె పోద్దాం పిల్లా. పట్టీలు చుట్టి ఉన్నా, గోడ అడ్డమున్నా, నా హెదర్ ముక్కుకి తప్పించుకోలేదు. నీళ్ళు ఎటు పోతే అటు తీసుకెళ్తుంది.” క్విలియం కాసేపు ఆలోచించి, సోంపు వల్ల కొలతలకి ఇబ్బంది లేదని నల్ల కలంతో రాసుకున్నాడు. విల్ఫ్ అప్పటికే కుక్కల్ని పరిగెత్తించడానికి వెళ్ళిపోయాడు. ఎదురువాడి కుక్కని తన కార్ఖానాలోకి రానిస్తాడన్న నమ్మకం లేదు కాబట్టి అతనికి చెప్పాలని ఎవరూ అనుకోలేదు.

తొమ్మిదిన్నరకి హెదర్ వచ్చింది. సన్నగా, పొడుగు కాళ్ళతో, గోధుమా తెలుపూ కలిసిన ఆడ కుక్క. తలుపు దగ్గరే ఆగి ముక్కు పైకెత్తి ఒళ్ళంతా వణికించింది.

“చూశారా, పందెం అనుకుంటోంది,” అన్నాడు జాంటీ గర్వంగా. “పదవే తల్లీ. వెతుకు.”

హెదర్ తటపటాయించకుండా పోయి గాలి గొట్టం ముందు ఆగింది.

కుక్క గొట్టం అంచు వాసన చూసింది. ముందు కాళ్ళు గోడకి ఆనించి నిలబడి మళ్ళీ చూసింది. తోక ఊపింది. క్విలియం ఎర్ర కలం మూత తీశాడు.

“ఆగండయ్యా,” అన్నాడు జాంటీ. “తోక ఊపితే దొరికినట్టు కాదు. సోంపు నీళ్ళని తాకిన గాలికి సోంపు వాసన రాక ఏమొస్తుంది? వాసన ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. దారి దొరికితే అది కూత పెడుతుంది. కూసిందా?”

“కూయలేదు.”

“మరి మూత పెట్టుకోండి.”

క్విలియం నిజంగానే మూత పెట్టుకున్నాడు. హెదర్ కిందికి దిగి, పైపు వెంట నడవడం మొదలుపెట్టింది. మొదటి వంపు, రెండో వంపు. ప్రతి వెల్డింగు దగ్గరా లోర్నా వంగి చూసింది. ఎక్కడైనా సరే ఒక చెడ్డ అతుకు దొరికితే చాలని దేవుణ్ణి వేడుకుంది. హెదర్ ఎక్కడా ఆగలేదు. అరవై మీటర్లూ అయిపోయాయి. కుక్క చివరి గోడ దగ్గర నిలబడి, కింద చెక్కకీ నేలకీ మధ్య సందులో ముక్కు దూర్చింది.

అప్పుడు పెట్టింది కూత. కార్ఖానా కప్పు రేకులు అదిరిపోయాయి.

“దారి!” అని అరిచాడు జాంటీ. “బయటికి! తలుపు తియ్యి పిల్లా!”

*

వాన సన్నగా పడుతోంది. హెదర్ షెడ్డు వెనక్కి తిరిగి, ముళ్ళపొదల మధ్య గోడలోంచి పొడుచుకొచ్చిన ఒక ఇత్తడి కుళాయి దగ్గర ఆగి దాన్ని నాకింది.

ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. క్విలియం చేతిలోని చిత్రపటం విప్పి, వాన పడకుండా టోపీ అడ్డం పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూశాడు.

“ఈ కుళాయి ఇందులో లేదు.”

“లేదండీ,” అంది లోర్నా. “నేను గీయలేదు. అసలు ఇక్కడ కుళాయి ఉందని నాకు తెలీదు.”

ఇద్దరూ జాంటీ వైపు చూశారు. జాంటీ టోపీ వెనక్కి నెట్టి మెడ గోక్కున్నాడు.

“అది… శుద్ధి చేసిన నీళ్ళు పోసుకునే పాత తొట్టిది. పోయిన నెల పరీక్షకి తొట్టి కావాలంటే కొత్తది చేయడం దేనికి దండగ అని ఆ పాత తొట్టినే పైపుకి కలిపేశాను. ఈ కుళాయిని పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు అనుకున్నా.”

“నాకు చెప్పావా?”

“చెప్దామనే అనుకున్నా పిల్లా. ఆ రోజు గురువారం.”

“గురువారమైతే?”

“మధ్యాహ్నం భోజనంలో మాంసం కుండకూర పెట్టారు. నిద్రొచ్చింది.”

లోర్నా అతన్ని ఏమనాలో ఆలోచించుకునే లోపలే హెదర్ మళ్ళీ కూసింది. కుళాయిని వదిలేసి, ముక్కు నేలకి ఆనించి, యార్డుకి అడ్డంగా పరిగెత్తుతోంది. చుక్క చుక్కగా కారిన నీళ్ళ దారి వాళ్ళకి కనిపించకపోయినా, దానికి రాజమార్గంలా ఉంది. వాన సోంపుని చెదరగొట్టలేదు, కొండల మీద కుక్కలు ఇంతకంటే పెద్ద వానల్లోనే పరిగెడతాయి. యార్డు దాటి, సైకిళ్ళ పాక దాటి, నల్ల కారు వెనక నిలబడి ముందు కాళ్ళతో డిక్కీని గీకసాగింది.

ఆ కారు విల్ఫ్ మాసప్‌ది.

ఆఫీసు కిటికీ తెరుచుకుంది. “ఒరేయ్ జాంటీ! నా కారు మీంచి ఆ దిక్కుమాలినదాన్ని లాగు! పందెం వారంలో నీ కుక్కని నా గుమ్మంలోకి తెస్తావురా? గూఢచారి పని కాదూ ఇది?”

“గూఢచారి ఎవడో ఇప్పుడే తేలుతుంది గానీ, కిందికి రారా విల్ఫూ! డిక్కీ తియ్యి!”

“తియ్యను!”

“మిస్టర్ మాసప్,” అన్నాడు క్విలియం, గొంతు పెంచకుండా. “తియ్యండి.”

విల్ఫ్ దిగొచ్చాడు. డిక్కీ తీశాడు. లోపల గళ్ళ దుప్పటి కింద ఏదో బుట్ట ఉంది. దాన్ని పొట్టతో అడ్డుకుని నిలబడ్డాడు. దాని పక్కన ఒక నీళ్ళ డబ్బా ఉంది, మూత సరిగ్గా పట్టక అంచు తడిగా ఉంది. హెదర్ డబ్బాని కౌగిలించుకున్నంత పని చేసింది.

లోర్నా డబ్బా ఎత్తి మూత తీసి వాసన చూసింది. “సోంపు.”

“నా కారంతా సోంపు వాసనే వస్తుంది,” అన్నాడు విల్ఫ్. “నా సబ్బు కూడా సోంపు వాసనే వస్తుంది. నేను కుక్కల మనిషిని.”

“ఈ నీళ్ళు ఎక్కడివండీ?”

“షెడ్డు వెనక పాత తొట్టివి. రెండేళ్ళుగా రోజూ పొద్దున్న ఏడింటికి పట్టుకుంటున్నా. నా కార్ఖానా, నా కుళాయి, నా నీళ్ళు. అయితే ఏంటి?”

“శని ఆదివారాలు?”

“శని ఆదివారాలు కార్ఖానాకి ఎందుకొస్తాను? ఆ రెండు రోజులూ…” అని ఆగిపోయాడు. లోర్నా మొహం చూశాడు. జాంటీ మొహం చూశాడు. జాంటీ కుళాయి వైపు చూపించి, పరీక్ష తొట్టి వైపు చూపించి, రెండు చేతుల వేళ్ళూ కలిపి పెనవేశాడు.

విల్ఫ్ మొహంలో రంగు మెల్లగా కాలర్లోకి దిగిపోయింది.

“కలిపేశావా?”

“కలిపేశాను.”

“అంటే వారం నుంచి నేనే…”

“నువ్వేరా నాయనా. ఈ పిల్లని పేడనీళ్ళలోకి పంపబోయావు.”

లోర్నాకి నవ్వు ఎగదన్నుకొచ్చింది. పంపు కారడం లేదు. తుంపర లేదు. ఆమె గీసిన బొమ్మలో తప్పు లేదు. కారు బంపరు మీద చతికిలబడి, హెదర్ మెడ పట్టుకుని, వానలో కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

*

క్విలియం మాత్రం నవ్వలేదు. ఒక తెల్ల కాగితం తీసి డిక్కీ మీద పెట్టాడు.

“రోజుకి రెండు లీటర్లు ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, దేనికి వాడారో రాసి సంతకం పెట్టండి. సాక్షిగా పెద్ద మిస్త్రీ సంతకం. అది చేతికొస్తే కుళాయికి సీలు వేసి పరీక్ష మొదలుపెడతాను.”

“దేనికి వాడానో ఎందుకు?” అన్నాడు విల్ఫ్.

“పోయిన ప్రతి చుక్కా ఎక్కడుందో నాకు తెలియాలి. రేపు ఆ చుక్క నీళ్ళు కాదు.”

విల్ఫ్ బుట్ట వైపు ఓరగా చూశాడు. “కారు బ్యాటరీలో పోశాను. రాసుకోండి.”

“వారానికి పది లీటర్లు?” అంది లోర్నా. “అది బ్యాటరీయా, ఒంటెనా?”

“అబద్ధం మీద నేను సంతకం పెట్టను,” అని క్విలియం కలం జేబులో పెట్టేసుకున్నాడు.

విల్ఫ్ బుట్ట చంకన పెట్టుకుని ఆఫీసులోకి వెళ్ళి లోపల గడియ వేసుకున్నాడు.

పన్నెండైంది. ఒంటిగంటైంది. జాంటీ కుళాయికి మూత బిగించి, వచ్చి తలుపు మీద ఓసారి తట్టాడు. “పోరా!” అని లోపల్నుంచి సమాధానం. రెండింటికి విల్ఫ్ భార్య ఫోన్‌లో గదమాయించింది. ఆయన ఆవిడకీ చెప్పలేదు. మూడుంబావుకి క్విలియం సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు.

లోర్నా ఆఫీసు తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

“మాసప్ గారూ, నేనొక్కదాన్నే ఉన్నాను.”

“జాంటీ?”

“లేడు. కుక్కని తిప్పడానికి వెళ్ళాడు.”

“పిల్లా, నీకు అర్థం కాదు. పదకొండేళ్ళు. గెలిచిన ప్రతిసారీ వాడు నా గిన్నెలోకి తొంగి చూడ్డానికి చచ్చిపోయాడు. ఇప్పుడు ఆ కాగితం మీద రాసి, వాడి చేతే సాక్షి సంతకం పెట్టించాలా? శనివారం పందెం పెట్టుకుని?”

“నాకు అర్థం కాదు నిజమే. మా టెర్రీ తెలుసు కదా మీకు?”

“ఎందుకు తెలీదు? పాకలో నా సైకిలు గంట దొంగిలించాడు, ఎనిమిదేళ్ళప్పుడు.”

“వాడు తొమ్మిదోవాడు. ఆ వరసలో. నాలుగు నిమిషాలు లోపలికి పరిగెత్తి, ఒక బోల్టు తిప్పి, బయటికొచ్చి చొక్కా విప్పుతుంటే వాడి చేతులు వణుకుతాయండీ. నవ్వుతూనే ఉంటాడు. చేతులు మాత్రం వణుకుతాయి. అమ్మ చూడకుండా జేబుల్లో పెట్టుకుంటాడు.” కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “నేను ఈ పంపు గీసింది కార్ఖానా కోసం కాదు. మీ కోసం కూడా కాదు, ఏమీ అనుకోకండి.”

గోడ గడియారం మూడున్నర కొట్టింది.

గడియ తీసిన శబ్దమైంది.

“కాగితమేది?” అన్నాడు విల్ఫ్.

*

పరీక్ష తొట్టి పక్కన బల్ల దగ్గర కూర్చుని విల్ఫ్ రాసి, సంతకం పెట్టాడు. ఎడమ చెయ్యి గోడలా అడ్డం పెట్టుకుని రాశాడు, బడిలో పరీక్ష రాస్తున్నట్టు. క్విలియం చదివాడు. చదువుతుండగా ఆయన కనుబొమ్మలు ఒకసారి పైకి లేచాయి. ఆ కార్ఖానాలో ఆయన మొహంలో కదలిక చూడడం అదే మొదటిసారి.

“ఇది కూడానా?” వేలు పెట్టి అడిగాడు.

“అది కూడా,” అన్నాడు విల్ఫ్ నేల చూస్తూ. “శుద్ధి నీళ్ళలోనే నానాలి. లేకపోతే పని చెయ్యదు.”

లోర్నా కూడా చదివింది. ఆ కాగితంలో ఏముందో ఆమె ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు.

“ఇక సాక్షి,” అన్నాడు క్విలియం. నాలుగింటికి పది నిమిషాలున్నాయి.

జాంటీ రెల్ఫ్ ముందుకొచ్చాడు. విల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు.

జాంటీ టోపీ తీశాడు. కార్ఖానాలో పని చేస్తున్నవాళ్ళంతా చేతులాపి అతని తల వైపు చూశారు, అక్కడ గుడ్డులా నున్నటి బట్టతల ఉంది. ఆ టోపీని కాగితం మీద బోర్లించి, అడుగున సంతకాల గీత మాత్రం కనపడేలా సర్ది, దాని కింద సంతకం పెట్టాడు.

“మీరు చదవలేదు,” అన్నాడు క్విలియం.

“సాక్షి చూడాల్సింది వాడు సంతకం పెట్టడం. చూశాను. మిగతాది వాడి గిన్నె.”

విల్ఫ్ కళ్ళు తెరిచాడు. చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

“ఏడవకు,” అన్నాడు జాంటీ. “శనివారం నా హెదర్ నిన్ను ఓడించబోతోంది. మీ డ్యూక్ గిన్నెలో ఏముందో తెలిసి ఓడిస్తే అందులో మజా ఏముందిరా, ఎద్దూ?”

“ఓడిస్తుందా? నీ బట్టతల మీద మొలకలొస్తే ఓడిస్తుంది!”

క్విలియం ఒక క్షణం ఆలోచించి, నీలం కలం తీసి తనూ సంతకం పెట్టాడు. కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి లక్క వేశాడు. “ఈ దస్త్రం ముప్పై ఏళ్ళు తాళం లోపల ఉంటుంది,” అన్నాడు విల్ఫ్‌తో. “మా నియమం.”

“ముప్పై ఏళ్ళా?” విల్ఫ్ మొహం వెలిగింది. “నలభై చెయ్యడానికి వీలవుతుందా?”

“మూడు యాభై ఎనిమిది,” అంది లోర్నా. చెయ్యి మీట మీద ఉంది.

“కానివ్వండి,” అన్నాడు క్విలియం.

హుష్. గుటుక్.

*

బుధవారం పొద్దున్న నీటిమట్టం గీత మీద ఉంది. గురువారం గీత మీదే ఉంది. గురువారం సాయంత్రం కరెంటు ఒక్క క్షణం మిణుక్కుమంటే పదిమంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. పంపు మాత్రం ఒక్క ఉమ్ము కూడా తప్పలేదు. విల్ఫ్ రోజూ పొద్దున్న ఏడింటికి రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపిస్తూ గేటు దాటి వచ్చాడు.

శుక్రవారం నాలుగింటికి షెడ్డులో నిలబడడానికి చోటు లేదు. టీ కాచే ఆవిడ కూడా వచ్చింది. లోర్నా మోకాళ్ళ మీద కూర్చుంది. ఈసారి కళ్ళద్దాలు తుడవడం అవసరం రాలేదు.

“ఎంత?” అన్నాడు క్విలియం.

“సున్నా.”

ఆయన కూడా ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని స్వయంగా చూశాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. నీలం కలం తీశాడు.

“పదకొండు కావాలి,” అన్నాడు సంతకం పెడుతూ. “మొదటిది అక్టోబరుకి. మిస్ ఫియరన్, ఒక మాట. దీన్ని కాగితాల మీద ఏమని పిలవాలి?”

లోర్నా నోరు తెరిచింది. ఆమె మనసులో మూడేళ్ళుగా ఒక పేరుంది, పెద్దది, గౌరవంగా ఉండేది.

“ఉమ్ము పంపు!” అని షెడ్డు మొత్తం అరిచింది.

క్విలియం అదే రాసుకున్నాడు. నల్ల కలంతో.

అరుపులూ కేకల మధ్య లోర్నా ఆఫీసులోకి దూరి తలుపేసుకుని ఫోన్ తిప్పింది. ఆ చివర టెర్రీ నోట్లో ఏదో నములుతూ ఎత్తాడు.

“ఒరే, కొత్త భవనంలో పంపు బాగుచెయ్యడానికి నిన్ను పిలవరురా.”

“ఏం, నాకేం తక్కువ?”

“నీకేం తక్కువ కాదు. దాంట్లో బాగుచెయ్యడానికి ఏమీ లేదు. బిగింపు లేదు, ఇరుసు లేదు. ఒకసారి లోపల పెట్టి గోడ కట్టేస్తే ఇక ఎవ్వరూ వెళ్ళక్కర్లేదు.”

నమలడం ఆగింది.

“సంతకం పెట్టాడా?”

“పెట్టాడు.”

“అక్కా.”

“ఊఁ.”

“అయితే నా ఉద్యోగం ఊడగొట్టావన్నమాట.”

“ఊడితే ఊడింది. జాంటీ కుక్కని తిప్పడానికి మనిషి కావాలంటున్నాడు.”

“ఎన్ని నిమిషాలు?”

“నీ ఇష్టం వచ్చినన్ని,” అంది లోర్నా. “సాయంత్రం దాకా.”